పదహారు లైన్లలో అమ్మమ్మ

మా అమ్మమ్మను సమాధి చేసి వచ్చిన మూడో రోజు పొద్దున మామ నా చేతిలో ఒక తెల్ల కాగితం పెట్టి పేరా రాయమన్నాడు.

మాలో ఒక పద్ధతి ఉంది. మనిషి పోయిన వారం పది రోజులకు ఆదరణ కూడిక పెడతారు. ఇంటి ముందు షామియానా వేస్తారు, పాటలు పాడతారు, పాస్టరుగారు వాక్యం చెబుతారు, భోజనాలు పెడతారు. వచ్చినవాళ్ళందరికీ ఒక కార్డు పంచుతారు. ముందువైపు పోయినవాళ్ళ ఫొటో ఉంటుంది, వెనుకవైపు జీవిత చరిత్ర. దాన్ని ఇంట్లోవాళ్ళు ఒకరు మైకులో చదవాలి. పేరుకు చరిత్రే గానీ, ఉన్న చోటు పదహారు లైన్లు. పదిహేడో లైను రాస్తే అది కిందున్న ప్రెస్సువాడి ఫోన్ నంబరు మీదికి ఎక్కుతుంది, వాడు ఒప్పుకోడు. ఎనభై దాటి బతికినవాళ్ళకూ పదహారే, ఇరవైలో పోయినవాళ్ళకూ పదహారే. సమానత్వం ఎక్కడుందని ఎవరైనా అడిగితే నేను ఆ కార్డు చూపిస్తాను.

పని నాకు పడడానికి కారణం నా ఉద్యోగం. హన్మకొండలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. అమ్మ బంధువులతో ఫోన్లో మాట్లాడేటప్పుడు నన్ను లెక్చరర్ అంటుంది. కాలేజీవాళ్ళు గెస్ట్ అంటారు. రెండేళ్ళ నుంచి కదలకుండా ఉన్న గెస్టును నేనింకెక్కడా చూడలేదు. నాకిచ్చిన పాఠం కూడా ఆ రెండేళ్ళూ ఒకటే: పేరా రాయడం ఎలా.

నేను చెప్పేది ఇంగ్లీషు, ఇది తెలుగులో కదా రాయాల్సింది అని మామతో అన్నాను.

"పేరా అంటే పేరానే గద అల్లుడా," అన్నాడు మామ. "భాష మారితే కొలతలు మారుతయా?"

మామ మా అమ్మకు అన్న, మా చర్చి సంఘంలో పెద్ద. ఆయన ప్రశ్న అడిగితే అది ప్రశ్న కాదని ఇంట్లో అందరికీ తెలుసు. కాగితం తీసుకున్నాను.

పేరాకు రెండు గుణాలు ఉండాలని మా పుస్తకం చెబుతుంది. ఒకటి ఏకత, అంటే పేరాలో ఉన్న ప్రతి వాక్యమూ ఒకే సంగతి గురించి ఉండడం. రెండోది పొందిక, అంటే ఒక వాక్యం నుంచి తర్వాతి వాక్యానికి దారి ఉండడం, చదివేవాడు మధ్యలో గుంటలో పడకపోవడం. వినేవాళ్ళకు ఈ రెండూ ఒకటేలే అనిపిస్తాయి. మొదటి ఏడాదంతా నాకూ అలాగే అనిపించింది. జీతం తీసుకుంటున్నాను కాబట్టి బయటపడలేదు.

తేడా నాకు తెలిసింది పిల్లల కాగితాలు దిద్దేటప్పుడే. పాలకుర్తి నుంచి వచ్చే ఒక అమ్మాయి తన ఊరి గురించి రాసింది. ఊళ్ళో గుట్ట ఉంది, గుట్ట మీద గుడి ఉంది, గుడి ముందు కొబ్బరికాయలు అమ్ముతారు, కొబ్బరి నుంచి నూనె తీస్తారు, నూనె పెట్టుకుంటే జుట్టు రాలదు, మా అక్కకు మాత్రం ఎంత పెట్టినా రాలుతోంది, అందుకే సంబంధాలు కుదరడం లేదు. ఒక్క వాక్యం కూడా ముందు వాక్యం చెయ్యి వదల్లేదు. అంత భద్రంగా నడిచి ఊరి నుంచి అక్క పెళ్ళి దాకా వచ్చేశాం. ఆ పేరాలో పొందిక ఉంది, ఏకత లేదు.

అదే క్లాసులో ఒక అబ్బాయి వాళ్ళ నాన్న గురించి రాశాడు. నాన్న చెప్పులు వేసుకోడు. పత్తి ఏరేటప్పుడు పాట పాడతాడు. ఫోన్లో గట్టిగా మాట్లాడతాడు. కూరలో ఉప్పు తక్కువైతే పళ్ళెం జరుపుతాడు. ఒకసారి ఏడ్చాడు. బస్సులో కిటికీ పక్కనే కూర్చుంటాడు. అన్నీ నాన్న గురించే, కానీ దేని వెనుక ఏది ఎందుకు వచ్చిందో తెలియదు. ఏకత ఉంది, పొందిక లేదు. ఐదుకు రెండున్నర వేశాను. ఆ ఒక్కసారి ఎందుకు ఏడ్చాడో అడగాలని అప్పుడు నాకు తోచలేదు.

ఇద్దరికీ నేను చెప్పిన సూత్రం ఒకటే. సంగతికి పడని వాక్యం ఎంత ముద్దొచ్చినా కొట్టెయ్యాలి. ఈ మాట ఒకరోజు ఇంట్లో భోజనాల దగ్గర కూడా గొప్పగా చెప్పాను, మామ ఉన్నప్పుడే.

సరే, సుబేదారిలో మామ ఇంటి వరండాలో కుర్చీ వేసుకొని మొదలుపెట్టాను. మా కార్డుల్లో క్రియలు ముందే ఖాయమై ఉంటాయి. మనిషి జన్మించారు, రక్షణ పొందారు, వివాహమాడారు, సంతానం పొందారు, ప్రభువునందు నిద్రించారు. మధ్యలో ఏళ్ళు నింపుకుంటే చాలు. మా అమ్మమ్మ నిద్ర సంగతి తెలిసిన వాడిగా చెబుతున్నాను, ఇంత నిశ్శబ్దంగా నిద్రించడం ఆమెకు ఇదే మొదలు.

నేను రాస్తుంటే ఒక్కొక్కరు వచ్చి ఒక్కో వాక్యం ఇచ్చి వెళ్ళారు. అత్తమ్మ వచ్చి, అమ్మమ్మకు ఇద్దరు పిల్లలని రాసినప్పుడు వాళ్ళలో పెద్దాయన సంఘ పెద్ద అని రాయకపోతే ఎట్లా అన్నది. సంఘం అన్నాక కొత్త చర్చి గోడ సంగతి వచ్చింది. గోడ అన్నాక ఇంజినీరింగు చదివిన మనవడి సంగతి వచ్చింది. మధ్యాహ్నానికి నా పేరా నీళ్ళలా పారుతోంది. దాన్ని అమ్మకు చూపించాను. అమ్మ నిదానంగా చదివి, "మంచిగున్నది. ఇది ఎవరి గురించి?" అని అడిగింది.

పాలకుర్తి అమ్మాయికి నేను వేసిన మార్కులు గుర్తుకొచ్చి, కాగితం చింపేశాను.

రెండోసారి రాసేటప్పుడు సంగతి ఒక్కటే పెట్టుకున్నాను, అమ్మమ్మ సాక్ష్యం. సాక్ష్యం అంటే, దేవుడు తన బతుకులో ఏం చేశాడో మనిషి లేచి నిలబడి సంఘం ముందు చెప్పుకోవడం. ఏటా కోతపండుగ ఆరాధనలో అమ్మమ్మ చెప్పేది, నాకు ఊహ తెలియక ముందు నుంచీ. తొర్రూరు అవతల ఒక పల్లెలో కూలి చేసుకునే హిందువుల ఇంట్లో పుట్టింది. పెళ్ళికి ముందే జ్వరంతో ఇక్కడి మిషన్ దవాఖానకు వచ్చి, తగ్గాక అక్కడే ఆయాగా ఉండిపోయింది, బాప్తిస్మం తీసుకుంది, దవాఖాన వంటమనిషిని పెళ్ళి చేసుకుంది. ఊరివాళ్ళు మళ్ళీ గడప తొక్కొద్దన్నారు. సాక్ష్యం చివర ఎప్పుడూ అవే మాటలు. "కన్నోళ్ళు విడిచిన్రు, తోడబుట్టినోళ్ళు విడిచిన్రు, ఊరు విడిచింది. అందరు విడిచినంక ప్రభువు నన్ను చేరదీసిండు." ఆ చివరి మాట దగ్గర ముందు వరుసలో ఆడవాళ్ళు కొంగులు కళ్ళకు పెట్టుకునేవాళ్ళు. నేను చిన్నప్పుడు ఏ మాటకు ఏ కొంగు లేస్తుందో పందెం కాసేవాణ్ణి, గెలిచేవాణ్ణి కూడా.

ఈసారి పేరా పదిహేను లైన్లలో కుదిరింది. ఒకే సంగతి, వరసగా నడిచే వాక్యాలు, చివర అమ్మమ్మ మాటలు అమ్మమ్మ నోట వచ్చినట్టే. మామ దాన్ని వరండాలో అందరికీ గట్టిగా చదివి వినిపించి, నా భుజం తట్టాడు. అమ్మ కళ్ళు తుడుచుకుంది. ఐదుకు ఐదు అనుకున్నాను.

గడప దగ్గర చిన్నమ్మమ్మ కూర్చొని కూడిక వంటకు ఎల్లిగడ్డ పొట్టు తీస్తోంది. చిన్నమ్మమ్మ అంటే అమ్మమ్మకు ఒక్కగానొక్క చెల్లెలు. ఆ పల్లెలోనే పుట్టి, ఆ పల్లెలోనే ఇచ్చిన ఇంట్లో ముసలిదైన మనిషి. హిందువు. చదువు రాదు. పదిహేనేళ్ళ కింద భర్త పోయాక, ఏడాదికి రెండుసార్లు అక్క దగ్గరికి వచ్చి నాలుగు రోజులు ఉండి పోవడం మొదలుపెట్టింది. మాకు తెలిసిన చరిత్ర అంతే. తెగిపోయిన సంబంధం ముసలితనంలో కలిసిందనుకున్నాం, సంతోషించాం, అంతకు మించి అడగలేదు.

మామ చదవడం అయ్యాక ఆమె పొట్టు తీయడం ఆపి, "మంచిగ రాసినవ్ బిడ్డా," అన్నది. పళ్ళెం అక్కడే వదిలేసి ఇంటి వెనక్కి వెళ్ళింది.

కాసేపటికి నేను చేతులు కడుక్కుందామని వెనక్కి వెళితే నల్లా పక్కన గట్టు మీద కూర్చొని ఉంది. ఏడవడం లేదు. నన్ను చూసి, ఏదో కూరగాయల ధర అడిగినంత మామూలుగా అడిగింది.

"గా కాయిదంల నేను లేను గద?"

పిల్లల పేర్లూ మనవళ్ళ పేర్లే రాశామని, చోటు తక్కువని చెప్పాను. చోటు గురించి ఆమె వినిపించుకోలేదు. చావు కబురు విని ఊళ్ళో బస్సెక్కబోతుంటే ఒక ఆడమనిషి, అక్కకు ఎవరూ లేనినాడు విడిచిపెట్టి ఇప్పుడు పీనుగు దగ్గరికి దేనికి పోతున్నావని అన్నదట. ఆమె బస్సెక్కి వచ్చేసింది. ఊరంతా ఎరిగినదే ఆ మనిషి అన్నది. ఇక్కడికి వస్తే మేమూ అదే రాసి, గట్టిగా చదివి, బాగుందని కళ్ళు తుడుచుకున్నాం.

"నేను ఇడ్వలేదు బిడ్డా," అన్నది. "నేనొక్కదాన్ని ఇడ్వలేదు."

ఆ తర్వాత అరగంట సేపు ఆమె చెప్పింది అచ్చం నా క్లాసులో అబ్బాయి రాసిన పేరాలాగే ఉంది. మోకాలి నొప్పి గురించి చెబుతూ బస్సు కండక్టరు దగ్గరికి పోయింది, కండక్టరు నుంచి దవాఖాన బట్టలు ఉతికే చోటుకు, అక్కడి నుంచి వాళ్ళమ్మ చావుకు, చావు నుంచి అక్క తల దువ్విన సంగతికి. ఏ ఏడు ముందో ఏది తర్వాతో తెలియలేదు. మధ్యలో ఆపి, ఇది ఎప్పటి ముచ్చట అని అడిగితే, "ఎప్పటిదైతేంది" అన్నది. కానీ ఒక్క మాట కూడా పక్కకు పోలేదు. అన్నీ ఒకే సంగతి. నేను విడువలేదు, నేను విడువలేదు.

తర్వాత నేను వరస పెట్టుకుంటే తేలింది ఇది. అమ్మమ్మను ఊళ్ళోకి రావద్దన్నప్పటి నుంచే చిన్నమ్మమ్మ దొంగచాటుగా వచ్చి చూసిపోయేది. ఇంట్లో చెప్పే వంక, సర్కారు ధర్మ దవాఖానలో మోకాలికి మందు తెచ్చుకోవాలని. అక్కడికి పోకుండా మిషన్ దవాఖాన వెనక, బట్టలు ఉతికే చోట అక్క కోసం కూర్చునేది. అక్క డ్యూటీ మధ్యలో వచ్చి పది నిమిషాలు తల దువ్వి, జడ వేసి పంపేది. ఆ మోకాలు అలా ఏళ్ళ తరబడి నొప్పి పెట్టింది. ఇప్పటికీ ఆమె మా మేడ మెట్లు నాకంటే ముందు ఎక్కుతుంది.

వాళ్ళమ్మ చనిపోయిన రోజు చిన్నమ్మమ్మ రోడ్డు దాకా వచ్చి, వరంగల్ పోయే బస్సు కండక్టరుకు చెప్పి పంపింది, ఫలానా దవాఖానలో ఫలానా ఆయాకు వాళ్ళమ్మ పోయిందని చెప్పమని. ఆ కండక్టరు ఎవరో గానీ డ్యూటీ దిగాక దవాఖానకు పోయి చెప్పాడు. అమ్మమ్మ వచ్చింది. ఊరి మొగదల మగవాళ్ళు ఆపారు, తల్లి ముఖం చూడనివ్వలేదు. ఆమె తిరిగి పోలేదు, మెయిన్ రోడ్డు మీద నిలబడింది. అక్కడి నుంచి డప్పులు వినిపిస్తున్నాయి. చిన్నమ్మమ్మ శవం దగ్గర నుంచి లేచి, అందరూ చూస్తుండగానే నడుచుకుంటూ వచ్చి, అక్క పక్కన నిలబడింది. తల్లిని తీసుకుపోయే వేళకు కూతుళ్ళు ఇద్దరూ రోడ్డు మీదే ఉన్నారు.

ఆ తర్వాత అత్తగారింట్లో ఏమైందని అడిగాను. "అయ్యిందేదో అయ్యింది," అన్నది.

ఇక మీదట కలవడం తెలిస్తే గడప దాటనివ్వరని ఆమెకు అర్థమైంది. ఆ తర్వాతిసారి దవాఖానకు వచ్చినప్పుడు అక్కతో తానే చెప్పింది, ఎక్కడా నా ఊసు ఎత్తకు అని. మా సంఘంలో ఆ వైపు నుంచి వచ్చినవాళ్ళు ఉన్నారు, మాట ఊరికి చేరుతుంది. ఆ ఏడు కోతపండుగలో అమ్మమ్మ లేచి, తోడబుట్టినోళ్ళు కూడా విడిచారని చెప్పింది. ఆ మాట చేరాల్సిన చోటికి చేరింది. అత్తగారు నమ్మింది. మోకాలి మందు మళ్ళీ మొదలైంది.

మేం కొంగులు తడుపుకుంటూ విన్న సాక్ష్యం ఒక పల్లెటూరి కోడలికి బస్సు పాసు అన్నమాట.

మరి భర్త పోయాక అడిగేవాళ్ళు ఎవరూ లేరు కదా, అప్పుడైనా అమ్మమ్మ నిజం చెప్పొచ్చు కదా అన్నాను. చిన్నమ్మమ్మ నల్లా కట్టేసి, మళ్ళీ తిప్పి, మళ్ళీ కట్టేసింది. అడిగిందట. ఇప్పుడన్నా చెప్పు అక్కా అని. చెబుతానని అమ్మమ్మ మాట కూడా ఇచ్చింది. ఆ ఏడు చిన్నమ్మమ్మ ఆ పండుగకనే వచ్చి, చర్చిలో వెనక కూర్చుంది. అమ్మమ్మ మైకు పట్టుకొని, ఎప్పటి మాటలే ఎప్పటి వరసలోనే చెప్పి వచ్చింది. ఇంటికొచ్చాక చెల్లెలి చేతులు పట్టుకొని ఏడ్చింది.

"నోటికి గదే అచ్చిందే అన్నది," చెప్పింది చిన్నమ్మమ్మ. "ఏం జేస్తం. అన్నన్ని ఏండ్లు చెప్పె. మళ్ల నేను అడగలే."

నేను నవ్వించడానికి ఏదైనా అనాలని చూశాను. అది నా అలవాటు, ఇంట్లో ఎవరి గొంతు బొంగురుపోయినా నేనొక జోకు వేస్తాను. ఆ పూట ఒక్కటీ దొరకలేదు. చేతులు కడుక్కొని వచ్చేశాను.

ఆ పేరాను మళ్ళీ చదివాను. తప్పు ఎక్కడుందో వెతికితే దొరకలేదు. ప్రతి వాక్యమూ ఒకే సంగతి గురించి ఉంది, ప్రతి వాక్యానికీ దారి ఉంది. పుస్తకం అడిగినవి రెండూ ఉన్న పేరా, ఒక మనిషిని రోడ్డు మీద వదిలేసి వచ్చింది. ఆ వదిలెయ్యడం వల్లే అంత నున్నగా ఉంది.

సాయంత్రం మామతో చెప్పాను. ఆయన మొత్తం విన్నాడు. నమ్మలేదని కాదు. చాలాసేపు కళ్ళజోడు తుడిచి, ఈ ముచ్చట కార్డు మీదికి రావద్దన్నాడు. ఆయన బాధ నాకు అర్థం కాకపోలేదు. అమ్మమ్మ సాక్ష్యం విని ధైర్యం తెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు, బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళందరి చేతుల్లో రేపు ఈ కార్డు పెట్టాలి.

"అమ్మను అబద్ధాల మనిషిని చేస్తవా?" అన్నాడు. "పోనీ మైకుల ఒక మాట అను. కాయిదం మీద వద్దు."

చిన్నమ్మమ్మకు కావలసింది కాగితమేనని చెప్పాను. మైకు మాట తొర్రూరు దాకా వినపడదు. ఊళ్ళో చూపించుకోవాలంటే చేతిలో ఏదో ఉండాలి.

"అది పడది అల్లుడా. నువ్వే గద చెప్పినవ్, సంగతికి పడని వాక్యం ఎంత ముద్దొచ్చినా కొట్టెయ్యాలని."

నా సూత్రాన్ని నేను చెప్పినంత శ్రద్ధగా ఏ విద్యార్థీ గుర్తుపెట్టుకోలేదు. ఈయన పెట్టుకున్నాడు. నిజమైన వాక్యం పేరాలో పట్టకపోతే వాక్యాన్ని కాదు, పేరా సంగతినే మార్చాలేమో అన్నాను. అలా ఎక్కడ రాసుందని అడిగాడు. ఎక్కడా లేదు, అప్పుడే తోచింది.

మర్నాడు పొద్దున నేను ప్రెస్సుకు బయల్దేరుతుంటే మామ ఆగమన్నాడు. వెనక గట్టు దగ్గరికి వెళ్ళి, కుర్చీ వద్దని, చిన్నమ్మమ్మ పక్కన కింద కూర్చున్నాడు. ఆయన కింద కూర్చోవడం పెద్ద కార్యక్రమం, లేవడం అంతకంటే పెద్దది.

"చిన్నమ్మా, అమ్మ ఆ రోడ్డు మీద ఎంతసేపు నిలబడ్డది?"

"పొద్దు గూకెదాక."

"నాకు ఒక్కసారన్న చెప్పలే."

"నీకేం చెప్తది కొడుకా," అన్నది ఆమె. "నువ్వు గప్పుడు కడుపుల ఉన్నవ్. ఏడో నెల. కాళ్ళు వాసినయ్, కూసో అక్కా అంటె కూసోలే. నా మీద ఒరిగి నిలబడ్డది."

ఏ కూడికలోనైనా మామ ముందు వరుసలో ఉంటాడు. ఆ రోడ్డు మీది కూడికలో కూడా ఉన్నాడని ఆయనకు ఆ రోజే తెలిసింది. నా చెయ్యి పట్టుకొని లేచి, గేటు దాకా నాతో వచ్చాడు.

"రాయి," అన్నాడు. "అమ్మ మాట మాత్రం అమ్మ మాట లెక్కనే ఉండాలె. దాన్ని కొట్టెయ్యకు."

కొట్టెయ్యలేదు. ప్రెస్సులో కంప్యూటరు ముందు కూర్చున్నతని పక్కన స్టూలు వేసుకొని, అమ్మమ్మ మాటలు అలాగే ఉంచి, అందరు విడిచినంక అన్న చోట ఒక కామా పెట్టించి, ఒక్క చెల్లెలు తప్ప అని రాయించాను. దాని వెనుక ఇంకో వాక్యం చేర్చాను. తల్లి చనిపోయిన నాడు ఊరు రానివ్వకపోతే, ఆ చెల్లెలు తల్లి శవాన్ని విడిచి వచ్చి, సాయంత్రం దాకా అక్క పక్కన రోడ్డు మీద నిలబడింది. అంతే. అమ్మమ్మ ఎందుకు దాచిందో రాయలేదు, అది వాళ్ళిద్దరి సంగతి.

లైన్లు పదిహేడున్నర అయ్యాయి. ప్రెస్సతను తన ఫోన్ నంబరు వైపు చూపించి తల అడ్డంగా ఊపాడు. మామకు ఫోన్ చేశాను. ముందు మనవళ్ళ పేర్లు తీసెయ్ అన్నాడు, తడుముకోకుండా. తీశాం, నాతో సహా. లైనున్నర పోవాల్సిన చోట లైనే పోయింది. ఇంకా అర లైను ఎక్కువుందని చెప్పాను.

"సంఘ పెద్ద అన్నది తీసెయ్," అన్నాడు చివరికి, పన్ను పీకించుకుంటున్నవాడి గొంతుతో.

శనివారం కూడికలో జనం బాగానే వచ్చారు. నేను మైకు ముందు నిలబడితే అది ముందుగా ఒక కూత పెట్టింది. కూత ఆగాక చదవడం మొదలుపెట్టాను. చిన్నమ్మమ్మ షామియానా చివర, వంటల వైపు, ఆడవాళ్ళ వెనక కూర్చుంది. అందరు విడిచినంక అని వచ్చేసరికి ముందు వరుసలో కొంగులు ఎప్పటి చోటే పైకి లేచాయి. ఒక్క చెల్లెలు తప్ప అన్నాను. కొంగులు గాల్లోనే ఆగాయి. రోడ్డు వాక్యం కూడా చదివాను. ఒక ముసలామె వెనక్కి తిరిగి చూసింది. తర్వాత ఇంకొకామె. మూడో వరుసలో ఇద్దరు తలలు దగ్గరపెట్టి ఏదో అనుకున్నారు, అది మెచ్చుకోలో మరొకటో నాకు తెలియదు. మామ తల వంచుకొని కార్డు వైపే చూస్తున్నాడు. నేను మిగతా లైన్లు చదివేసి దిగాను. దిగుతూ ఎవరి కాలో తొక్కాను.

భోజనాల దగ్గర ఆ ముసలామె చిన్నమ్మమ్మ పక్కన వచ్చి కూర్చొని, కూర వడ్డించుకొని, అమ్మమ్మ పేరు చెప్పి, దవాఖాన వెనక బట్టల దగ్గర కూర్చునేది నువ్వేనా అని అడిగింది. ఆమె అప్పట్లో అక్కడే పని చేసేదట. ఆకుకూరలు అమ్మే మనిషివి అనుకున్నాను అన్నది. చిన్నమ్మమ్మ అవునని తల ఊపి, అన్నం కలుపుకుంది. అమ్మమ్మ సాక్ష్యం ఎందుకు అలా చెప్పిందని ఇద్దరు ముగ్గురు మామను అడిగారు. ఆయన ఏం చెప్పాడో నేను వినలేదు. ఇప్పటికీ చెప్పడు.

సోమవారం చిన్నమ్మమ్మ ఊరికి బయల్దేరింది. హన్మకొండ బస్టాండుకు నేను తీసుకెళ్ళాను. చేతి సంచిలో మిగిలిన కార్డుల కట్ట ఉంది. బెంచీ మీద కూర్చొని కట్ట విప్పి, తన గురించి ఎక్కడ ఉందో చూపించమన్నది. వేలితో చూపించాను. చూపిస్తే సరిపోదని, కింద గీత గీయమన్నది. గీశాను. అన్నిటికీ గీయమన్నది.

"ఎవలు సదివినా గదే సదవాలె," అన్నది.

పెన్ను రాసింది రాయనిది చూసుకుంటూ కట్ట మొత్తం గీశాను. ఈలోపు తొర్రూరు బస్సు వచ్చింది. ఎక్కించి, కిటికీ పక్కన సీటు చూసి కూర్చోబెట్టి, కిందికి దిగి నిలబడ్డాను. పక్క సీట్లో కాలేజీ బ్యాగుతో ఒక అమ్మాయి కూర్చుంది. చిన్నమ్మమ్మ సంచిలోంచి ఒక కార్డు తీసి ఆ అమ్మాయి చేతిలో పెట్టింది.

"బిడ్డా, ఈ గీత మీద ఏం రాసి ఉన్నదో జర సదువు."

నేను గీసింది సరైన చోటేనా అని చూసుకోవడానికన్నమాట. మా ఇంట్లో నా మాట ఎవరూ నిజమని నమ్మరు, అది నేను సంపాదించుకున్నదే. అమ్మాయి కార్డును వెలుతురు వైపు తిప్పి, పెదవులు కదిలిస్తూ చదివింది. చిన్నమ్మమ్మ ఆమె నోటి వైపే చూస్తూ విన్నది. డ్రైవరు ఇంజను వేశాడు, నాకేమీ వినపడలేదు. బస్సు కదులుతుంటే అమ్మాయి కార్డు తిరిగి ఇవ్వబోయింది. చిన్నమ్మమ్మ తీసుకోలేదు. వేలితో కార్డు మీద తట్టి, మళ్ళీ చదవమంటోంది.